మట్టెవాడ ఇంట్లో ముసురునాటి ఆటలు

వరంగల్లులో పెరిగిన పిల్లలకు ఏడాదిలో రెండు కాలాలు ఇంటిపట్టునే గడిచేవి. మొదటిది మే నెల చివరలో మొదలయ్యే రోహిణి కార్తె. ఎండ 43, 44 డిగ్రీలకు ఎక్కి, పగలు పదకొండు దాటిన తరువాత వాకిట్లో కాలు పెట్టనిచ్చేది కాదు. రెండవది వానకాలంలో పట్టే ముసురు. పెద్ద వానగా కురిసి వెలవడమంటూ లేకుండా, పగలూ రాత్రీ ఒకే తీరుగా జల్లు పడుతుంటే, ఉతికిన బట్టలు దండెం మీదనే పులిసిన వాసన వేసేవి. 1970లలో మట్టెవాడలోని మా ఇంట్లో ఒకే కప్పు కింద నాలుగు కుటుంబాలు ఉండేవి. పిల్లలం పదిమందికి తక్కువ కాకుండా ఉండేవాళ్లం. వేసవి సెలవుల్లో మేనత్తల పిల్లలు కూడా వచ్చి చేరేవారు. అంతమందిని ఎండకూ వానకూ వదలకుండా లోపల ఆపి ఉంచడం ఎట్లా అన్నది పెద్దల చింత. లోపలనే ఉండి, రాత్రి కంచం ముందు కూర్చునేసరికి కళ్లు మూతలు పడేటంతగా ఆడుకోవడం ఎట్లా అన్నది మా చింత.

మాది భవంతి ఇల్లు. నడుమ ఆకాశం కనబడే చదరపు ఖాళీ, దాని నాలుగు మూలలా నాలుగు టేకు స్తంభాలు, వాటి మీదుగా లోపలికి వాలిన గూన పెంకుల కప్పు, ఆ కప్పు కింద నాలుగు వైపులా తిరిగి వచ్చే వరండా, వరండాలో నుండి గదుల్లోకి తెరుచుకునే దర్వాజలు ఉండేవి. గోడలు డంగు సున్నంతో బాగా మందంగా కట్టినవి కావడం వలన నడి ఎండలో కూడా గదులు చల్లగా ఉండేవి. వరండా అంతటా షాబాదు బండలు పరిచి ఉండేవి. నడిమి ఖాళీ వరండా కంటే ఒక మెట్టు లోతుగా ఉండి, అందులో పడిన వాన నీళ్లు మూలనున్న మోరి గుండా వీధిలోకి వెళ్లిపోయేవి. ఇంటి కట్టుబడిని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉన్నది. కొని తెచ్చిన ఆట సామాను మాకు దాదాపు లేదు. స్తంభం, మెట్టు, కడప (గడప), దూలం, పీట, బొంత, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువుకూ మా ఆటల్లో ఒక కొలువు ఉండేది.

వాటిలో పెద్ద కొలువు స్తంభాలదే. నాలుగు స్తంభాలాట ఊరూరా ఉన్నదే అయినా, భవంతి ఇల్లు ఉన్నవారికి అది తమ కోసమే పుట్టిన ఆటగా తోచేది. ముందుగా పంటలు వేసేవాళ్లం. ముగ్గురు ముగ్గురుగా నిలబడి అరచేతులను ఒకేసారి బోర్లించో వెల్లకిలా పట్టో చూపితే, ఇద్దరితో కలవకుండా వేరుగా పడినవారు పండినట్లు. అట్లా అందరూ పండగా చివరకు మిగిలినవారు దొంగ. నలుగురు నాలుగు స్తంభాలను పట్టుకుంటే దొంగ నడుమ నిలబడతాడు. స్తంభాలు పట్టుకున్నవారు కంటి సైగతో జత కుదుర్చుకొని ఒకరి చోటికి ఒకరు ఉరకాలి. ఆ మారే క్షణంలో దొంగ ఖాళీ స్తంభాన్ని అందుకోవాలి. ఆటలో ఉరికే దూరం ఎంతో ఉండదు. అయినా ఉన్నపాటున కదలడం, సగం దారిలో దొంగ అడ్డం వస్తే ఆగి వెనక్కి మళ్లడం, మళ్లీ బయలుదేరడం, ఇట్లా ఒక పావుగంట గడిచేసరికి ఎంతటివారైనా స్తంభానికి వీపు ఆనించి రొప్పవలసిందే. ఆడేవారు ఐదుగురికి మించితే దర్వాజలను కూడా స్తంభాల కింద లెక్కకట్టేవాళ్లం. ఎన్ని చోట్లు ఉన్నా ఆడేవారి కంటే ఒకటి తక్కువ ఉండాలి, అంతే. ఈ ఒక్క సూత్రం వలన చిన్నవాళ్లెవరినీ ‘నువ్వు తరువాత రా’ అని పక్కన కూర్చోబెట్టే అవసరం మాకు రాలేదు.

ముసురు పట్టినప్పుడు ఈ ఆటకు ఇంకొక రుచి వచ్చేది. నడిమి ఖాళీలో నిలబడినందున దొంగ తడిసేవాడు, తక్కినవారు పొడిగా ఉండేవారు. తడుస్తూ నిలబడిన దొంగకు స్తంభం అందుకోవాలన్న పట్టుదల ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు. అయితే తడిసిన షాబాదు బండ ఎంత జారుతుందో మా నాయనమ్మకు తెలుసు. ఖాళీ గోనె సంచులు తెచ్చి మెట్టు పొడుగునా పరిచి, “ఆడుకోండ్రి గని, ఆ నడిమిట్ల ఉరుకకుండ్రి, కాళ్లిరుగుతయి” అనేది. ఆమె ఎన్నడూ ఆట ఆపించలేదు. “ఇల్లంత ఆగం చేస్తున్నరు” అని పెద్దమ్మ విసుక్కుంటే, “పోరగాండ్లు ఆడకుంటె ఇల్లు ఇల్లెట్లయితదే, ఆడనియ్యి” అని ఆమె నోరు మూయించేది. ఇప్పుడు తలచుకుంటే ఆ ఇంట్లో మాకు దొరికిన అసలైన ఆట సామాను నాయనమ్మ ఇచ్చిన ఆ సెలవేనని అనిపిస్తుంది.

ఆట ఆపించే అధికారం ఒక్క చిన్నమ్మకే ఉండేది, దానికి న్యాయమైన కారణం కూడా ఉన్నది. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆజంజాహి మిల్లులో మా చిన్నాయిన పని చేసేవాడు. ఆయనకు రాత్రి షిఫ్టు పడిన వారాల్లో తెల్లవారిన తరువాత ఇంటికి వచ్చి, ఇంత తిని, మధ్యాహ్నం దాకా పడుకునేవాడు. చప్పుడు చేసి ఆయన నిద్ర చెడగొడితే ఆ పూటకు ఆట బంద్. పైగా అందరూ వరుసగా కూర్చుని చాటల్లో బియ్యం పోసుకొని రాళ్లు ఏరాలి. ఆ శిక్షకు భయపడి మేము అన్ని ఆటలకూ నోరు లేని రూపం ఒకటి కనిపెట్టాము. నాలుగు స్తంభాలాటను మునివేళ్ల మీదనే ఆడాలి, మడమ బండకు తగలరాదు. పిలుపులు లేవు, సైగలే. నవ్విన వాళ్లు దొంగ. నవ్వును ఆపుకుంటూ మునివేళ్ల మీద ఉరకడం ఎంత కష్టమో ప్రయత్నించిన వారికే తెలుస్తుంది. సాయంత్రానికి పిక్కలు గట్టిపడి నొప్పి పుట్టేవి.

గజ్జెల తాడు ఆట కూడా ఆ నిశ్శబ్దంలో నుండే వచ్చింది. ఒకప్పుడు మా ఇంట్లో ఎడ్లుండేవి. వాటి మెడల గజ్జెల పట్టెడలు అటక మీద పడి ఉండేవి. ఒక పట్టెడలోని గజ్జెలను తాడుకు గుచ్చి, రెండు స్తంభాల నడుమ మోకాలెత్తున కట్టేవాళ్లం. ఒక విడత తాడు కింద నుండి పాకి వెళ్లాలి, మరొక విడత పై నుండి దాటాలి, గజ్జె మోగరాదు. అందరూ దాటిన తరువాత తాడు నాలుగు వేళ్లు దించేవాళ్లం. పొట్టను బండకు ఆనించి, తల ఒక పక్కకు వాల్చి, మోచేతుల మీద ఒళ్లును ఈడ్చుకుంటూ పోవలసి వచ్చేది. గజ్జె మోగితే ఆటలో ఓడిపోవడం ఒక ఎత్తు, చిన్నాయిన లేస్తాడేమోనన్న దడ ఇంకొక ఎత్తు. నిజానికి ఆయన చాలాసార్లు మెలకువగానే ఉండి దర్వాజ సందులో నుండి చూసేవాడని చాలా ఏళ్ల తరువాత చిన్నమ్మ చెప్పింది.

ఆయన లేచి, చాయ తాగి బయటికి వస్తే మౌనం ముగిసేది. ఉప్పుమూట ఎత్తుకొమ్మని పిల్లలందరం మీద పడేవాళ్లం. ఒక్కొక్కరినీ వీపు మీద వేసుకొని “ఉప్పో ఉప్పు” అని అరుస్తూ వరండా చుట్టూ తిరిగేవాడు. ప్రతి దర్వాజ ముందూ ఆగి బేరం చేసేవాడు. “ఈ మూట పుచ్చిపోయింది, మాకొద్దు” అని నాయనమ్మ అంటే మూట కిందికి జారి, ఏడుపు మొఖం పెట్టి, మళ్లీ వరుస చివరకు పోవాలి. తరువాత పెద్దపిల్లలు చిన్నపిల్లలను మోయాలని ఆయనే నియమం పెట్టాడు. మోసేవారి నడుముకూ తొడలకూ అది మంచి కసరత్తని, వీపు మీదివారికి చేతుల పట్టు, ఒంటి నిలకడ వస్తాయని నేను సైన్సు ఉపాధ్యాయురాలినైన తరువాత గ్రహించాను. ఆనాడు అది మాకు ఉప్పు బేరం మాత్రమే.

ఇంటి ఆటల్లో మాకు గురువు పెద్దక్క, అంటే మా పెద్దనాయిన కూతురు. ఆమె గురించి చెప్పేటప్పుడు ఆ రోజులను తీపి చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. మగపిల్లలకు ఎండ తగ్గగానే చిర్రగోనె, గోటీలు, చెరువు గట్టు, పతంగులు ఉండేవి. ఆడపిల్లలకు పది పన్నెండేళ్ల దాకానే ఆ భాగ్యం. పెద్దమనిషి అయిన తరువాత పెద్దక్కను వీధిలో ఉరకనివ్వలేదు, చెట్టెక్కనివ్వలేదు, కొద్ది కాలానికి బడి కూడా మానిపించారు. అప్పటిదాకా వీధి మొత్తంలో అందరికంటే వేగంగా ఉరికిన పిల్ల, కాళ్లలో ఉన్న ఉరుకునంతా ఆ నాలుగు వరండాల్లోకి తెచ్చింది. మా ఆటల్లోని కఠినమైన నియమాలన్నీ ఆమె పెట్టినవే. ముసురు వెలిసి మేమందరం బయటికి ఉరికినప్పుడు ఆమె దర్వాజ దగ్గరే నిలబడిపోయేది. ఇంటి లోపలి ఆటల నైపుణ్యం వెనుక ఇట్లాంటి కట్టడి కూడా ఒకటి ఉన్నదన్న సంగతిని, వాటిని పొగిడే మావంటివారు సాధారణంగా దాటవేస్తుంటారు.

ఒప్పులకుప్పలో పెద్దక్కకు ఎదురు లేదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు అడ్డంగా మార్చి గట్టిగా పట్టుకొని, నాలుగు పాదాలనూ నడుమ దగ్గరగా చేర్చి, ఒళ్లు వెనక్కి వాల్చి గిరగిరా తిరగాలి. ఎంత వెనక్కి వాలితే అంత వేగం వస్తుంది. ఎవరి పట్టు సడలినా ఇద్దరూ పడతారు. అందుకని బరువు తూగే జతలనే కలపాలని, చేతికి గాజులుంటే తీసి గూట్లో పెట్టాలని, ఆపేటప్పుడు ఒక్కసారిగా చేతులు వదలకుండా నెమ్మదిగా అడుగులు తగ్గించాలని ఆమె నేర్పేది. ఆగిన తరువాత ఇల్లంతా తిరుగుతున్నట్లు కనబడటం మాకు ఆటలో సగం. చెవి లోపలి అర్ధవృత్తాకార నాళాల్లో ఉండే ద్రవం, ఒళ్లు ఆగిన తరువాత కూడా కాసేపు కదులుతూనే ఉండటం వలన అట్లా అనిపిస్తుందని తరువాతి కాలంలో తరగతిలో చెప్పేటప్పుడు, ఎదురుగా ఉన్న పిల్లల్లో ఇద్దరిని లేపి ఒప్పులకుప్ప తిప్పించేదాన్ని. ఆ పాఠం మరచిపోయిన విద్యార్థి నాకు ఇంతవరకు తారసపడలేదు.

నేల బండ ఆటకు మా ఇల్లు కొలిచి కట్టినట్లుండేది. నడిమి ఖాళీ నేల, వరండా బండ. దొంగను ‘నేల కావాల్నా, బండ కావాల్నా’ అని అడిగితే ఒకటి కోరుకుంటాడు. ఇక తక్కినవారు అతని జాగాలోకి దిగి, ఊరించి, అతడు అంటుకోకముందే తమ జాగాలోకి దుంకాలి. మెట్టు దిగడం, ఎక్కడం, దిగడం, ఎక్కడం. లెక్క పెట్టిన వాళ్లు లేరు కాని వందల మెట్లు అయ్యేవి. పగటి ఎండలో నడిమి బండలు కాలేవి కాబట్టి రోహిణి కార్తెలో ఇదే ఆటను గదుల్లోకి మార్చేవాళ్లం. అక్కడ పీటలు, మడిచిన బొంతలు, మంచాలు బండలు, తక్కినదంతా నేల. కడప మీద నిలబడితే లక్ష్మి పోతుందని పెద్దల పట్టింపు. అందుకని కడపను తొక్కినవారు వెంటనే దొంగ అయ్యే నియమం చేర్చాము. గదిలో నుండి గదిలోకి ఉరికే ప్రతిసారీ ఆ ఎత్తైన కడపను దుంకి దాటవలసి రావడం వలన ఆట వేగం తగ్గకుండా కాలు మాత్రం ఎత్తుకు అలవాటు పడేది. దేవతను ఆటలోకి తెచ్చినందుకు నాయనమ్మ మురిసిపోయింది.

దుంకుడాటకు పరుపు కావాలి. ఆ పని మా ఇంటి జంపఖానా చేసేది. కొత్తవాడ నేతకారులు నేసిన జంపఖానాలు వరంగల్లులో ఇంటికొకటైనా ఉండేవి. పెళ్లిళ్లకూ భజనలకూ పరిచేవారు. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న వార్త చదివినప్పుడు, దాని మందాన్ని మోకాళ్లతో కొలిచిన మాకు ఆ గుర్తింపు ఏనాడో ఇవ్వవలసిందని అనిపించింది. దాన్ని రెండు మడతలుగా పరిచి, ఇద్దరు ఎదురెదురుగా కాళ్లు చాపి అరికాళ్లు ఆనించి కూర్చుంటే తక్కినవారు దుంకాలి. తరువాత మడమ మీద మడమ, దాని మీద జాన, జాన మీద జాన. ఎత్తు పెరుగుతూ పోయేది. తగిలితే దుంకినవారు కూర్చోవాలి. అదే జంపఖానా మీద మోకాళ్ల కబడ్డీ కూడా ఆడేవాళ్లం. లేచి నిలబడరాదు, మోకాళ్ల మీదనే కూతకు వెళ్లి రావాలి. గది చిన్నదైనా సరిపోయేది, పడినా దెబ్బ తగిలేది కాదు. ఆట ముగిశాక జంపఖానాను నలుగురం నాలుగు చెంగులు పట్టుకొని దులిపి మడత పెట్టాలి. బరువైన జంపఖానాను దులపడం దుంకుడుకంటే కష్టమని మా తమ్ముడు ఎప్పుడూ ఆ సమయానికి మాయమయ్యేవాడు.

అష్టాచెమ్మ, వామనగుంటలు, పులిజూదం మా ఇంట్లోనూ ఉండేవి. పెద్దలకు అవంటేనే ఇష్టం, పిల్లలు కుదురుగా కూర్చుంటారని. మేము మాత్రం అలసిన తరువాత ఊపిరి తీసుకోవడానికే వాటి దగ్గరికి వెళ్లేవాళ్లం. లెక్కకూ ఎత్తుకూ అవి మంచివే, ఒంటికి మాత్రం వాటి వలన ఒరిగేదేమీ లేదు. ఇంటి ఆటలనగానే వాటినే చెప్పి ఊరుకునేవారితో నాకు పేచీ ఉన్నది. కచ్చకాయలు కొంత నయం. కాయను ఎగరేసి, అది కిందపడేలోగా నేల మీదివి ఊడ్చి పట్టుకోవాలంటే చేయి, కన్ను, నడుము కలిసి పని చేయాలి.

భాద్రపద బహుళ పంచమి నుండి బొడ్డెమ్మ ఆడేవాళ్లం. పెళ్లికాని ఆడపిల్లల పండుగ అది. పీట మీద పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలతో అలంకరించి, సందెవేళ చుట్టూ తిరుగుతూ ఆడాలి. మామూలుగా వాకిట్లో ఆడేదాన్ని, జల్లు పడుతుంటే పీటనెత్తి వరండాలోకి తెచ్చేవాళ్లం. ఒక అడుగు ముందుకు, నడుము వంచి చప్పట్లు, మళ్లీ నిలబడి పక్కకు అడుగు. పాట సాగినంతసేపూ ఆ వంగడం, లేవడం సాగుతూనే ఉండేది. పాడుతూ ఆడటం వలన ఊపిరిని కూడా సర్దుకోవలసి వచ్చేది. పక్కింటి ఆడపిల్లలు కూడా వచ్చేసరికి వరండా చాలేది కాదు. అప్పుడు లోపలొక వలయం, బయటొక వలయం కట్టి ఎదురు దిక్కుల్లో తిరిగేవాళ్లం. ‘ఆడపిల్లల పండుగల మీకేం పని’ అని తరిమినా తమ్ముళ్లు బయటి వలయం వెనుక కోతివేషాలు వేస్తూ తిరగడం మానలేదు. ఆ సాయంత్రాల్లో పెద్దక్క అలసటన్నది ఎరగనట్లు ఆడేది.

ఉద్యోగంలో చేరిన తరువాత పరకాల వైపు ఒక పల్లె బడిలో పని చేశాను. వానకాలంలో ఆటల గంట వస్తే పిల్లలు కిటికీల్లో నుండి బురద మైదానాన్ని చూస్తూ కూర్చునేవారు. బల్లలు ఒక పక్కకు జరిపి, సుద్దముక్కతో నేల మీద గీత గీసి చెరువు గట్టు ఆడించేదాన్ని. గీతకు ఒక పక్క చెరువు, ఇంకొక పక్క గట్టు. నేను ‘చెరువు’ అంటే లోపలికి, ‘గట్టు’ అంటే బయటికి రెండు కాళ్లతో దుంకాలి. వరుసగా రెండుసార్లు ‘గట్టు’ అంటే కదలరాదు. నలభై మంది పిల్లలకు ఒక్క గీత చాలింది. పక్క తరగతిలో పాఠం చెబుతున్న మాస్టారు మొదట్లో వచ్చి గుడ్లురిమి చూసినా, కొద్దిరోజులకు తన పిల్లలను కూడా తీసుకొని వచ్చి నిలబడ్డారు.

మట్టెవాడ ఇల్లు ఇప్పుడు లేదు. పాలోళ్లు, అంటే దాయాదులు, పంచుకున్న తరువాత ఎవరి వాటా వారు పడగొట్టి కట్టుకున్నారు. నేను ఉద్యోగ విరమణ చేసి హన్మకొండలో మా బిడ్డ దగ్గర, ఒక అపార్ట్‌మెంటు మూడవ అంతస్తులో ఉంటున్నాను. 2023 జూలై చివరి వారంలో పడిన వానలు ఓరుగల్లు వారెవరికీ మరపుకు రావు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లోనే 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. వరంగల్ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. బడులకు సెలవులిచ్చారు. మేము ఎత్తున ఉన్నందున మాకు ఆపద రాలేదు. అయితే తొమ్మిదేళ్ల మనవరాలు సోఫాలో ఒక మూల, నాలుగేళ్ల మనవడు ఇంకొక మూల ఫోన్లు పట్టుకొని కూర్చుంటే, ఆ ఇంట్లో అన్నింటికంటే ఎక్కువ కదులుతున్నది సీలింగు ఫ్యానేనని నాకు తోచింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుండి 17 ఏళ్ల వయసు పిల్లలు వారం మొత్తం మీద సగటున రోజుకు 60 నిమిషాలైనా ఒంటికి మధ్యస్థంగానో గట్టిగానో శ్రమ కలిగేటట్లు కదలాలి. వారంలో కనీసం 3 రోజులు ఎముకలకూ కండరాలకూ బలమిచ్చే పని అందులో ఉండాలి. అంతకు ముందు ఏడాది చిన్నపిల్లల కోసం అదే సంస్థ ఇచ్చిన సూచనల్లో 3, 4 ఏళ్ల వారికి రోజంతా కలిపి 180 నిమిషాల కదలిక, అందులో 60 నిమిషాలు కాస్త గట్టిది ఉండాలని, తెర ముందు కూర్చోవడం గంటకు మించరాదని ఉన్నది. మా అల్లుడికి ఇది చదివి వినిపిస్తే, “వానల్ల అరవై నిమిషాలు ఏడ ఉరుకుతరత్తయ్యా?” అన్నాడు. అరవై నిమిషాలూ ఒకేసారి కానక్కరలేదని, మాట్లాడగలిగి పాట పాడలేనంతగా ఊపిరి ఎగసిపడితే అది మధ్యస్థమైన శ్రమేనని, అందుకు హాలు చాలునని చెప్పి, ముందుగా ఆ గాజు టీపాయిని బాల్కనీలో పెట్టించాను.

ఆ హాలులో స్తంభాలు లేవు. రెండు గదుల తలుపులు, వంటింటి ద్వారం, బాల్కనీ ద్వారం కలిపి నాలుగు అయ్యాయి. తలుపు సందులో వేళ్లు నలగకుండా ప్రతి తలుపు పై అంచు మీద మడిచిన తువ్వాలు వేశాము. నున్నటి టైల్సు మీద సాక్సులతో ఉరికితే జారతారు కనుక వట్టి కాళ్లే నియమం. ఐదుగురు కావాలి కాబట్టి అల్లుడు, బిడ్డ ఆడక తప్పలేదు. ఐదవ మనిషిని నేనే. మోకాళ్ల నొప్పి ఉన్నందున నాకు బాల్కనీ ద్వారం కేటాయించి, నేను రెండడుగులు వేస్తే చాలునని మనవరాలు తీర్మానించింది. గజ్జెల తాడుకు ఎడ్ల గజ్జెలు ఎక్కడ దొరుకుతాయి? మనవరాలి పాత పట్టీలను తాడుకు కట్టాము. నేల బండకు సోఫా దిండ్లు, నాలుగు మడతల బొంతలు పనికి వచ్చాయి. మనవడికి బుగ్గ (బెలూన్) ఊది ఇచ్చి, అది నేలను తాకకుండా చేతులతో, తలతో, మోకాలితో ఎగరేస్తూ ఉండాలని చెబితే, చెమట పట్టేదాకా వదలలేదు.

రెండవ రోజునే కింది అంతస్తు నుండి వాట్సాప్‌లో ఫిర్యాదు వచ్చింది. తమ ఇంట్లో ముసలాయన పగలు పడుకుంటారని, పైన ఏనుగులు తిరుగుతున్నట్లున్నదని వారు రాశారు. బిడ్డ నొచ్చుకొని ఆటలు బంద్ చేద్దామన్నది. నాకు మాత్రం మునివేళ్ల ఆటను నేర్పే సమయం వచ్చిందనిపించింది. మడమ ఆనరాదు, మాట రాదు, నవ్వినవాళ్లు దొంగ, దుంకుళ్లన్నీ బొంతల మీదనే అని పిల్లలకు చెప్పాను. నవ్వు ఆపుకోలేక మొదటి విడతలోనే దొంగ అయినవాడు మా అల్లుడు. చప్పుడు చేస్తే శిక్ష ఏమిటని మనవరాలు అడిగింది. బియ్యంలో రాళ్లు ఏరడమని చెప్పాను. ఇప్పటి బియ్యం సంచుల్లో ఏరడానికి రాళ్లెక్కడివి? చివరకు ఉతికిన బట్టలు మడత పెట్టడమని ఖాయం చేశారు.

వానలు వెలిసి బడులు తెరిచిన తరువాత కూడా సాయంత్రం ఒక విడత ఆట సాగుతూనే ఉన్నది. కింది ఇంటి మనవడు, మా పిల్ల ఈడువాడే, మెట్ల మీద చప్పుడు చేయకుండా వచ్చి తలుపు తట్టడం మొదలుపెట్టాడు. అతడు రావడంతో మా బిడ్డకు ఆట నుండి సెలవు దొరికింది, అల్లుడికి మాత్రం దొరకలేదు. బట్టలు మడత పెట్టే పని వారంలో ఎక్కువసార్లు ఆయన వంతుకే వస్తున్నది. గాజు టీపాయి ఇంకా బాల్కనీలోనే ఉన్నది. దాని మీద నేను తులసి కుండీ పెట్టుకున్నాను.